ఏ భాగం మార్చాలి? - ఆటల కంప్యూటరు చెప్పే చరిత్ర

మీ దగ్గర అయిదారేళ్ళ నాటి కంప్యూటరు ఒకటి ఉందనుకుందాం. చదువుకు, టైపు చేసుకోవడానికి దానితో ఏ ఇబ్బందీ లేదు. కానీ కొత్తగా వచ్చిన ఆట ఒకటి అందులో మొరాయిస్తోంది. బొమ్మ సాఫీగా కదలవలసిన చోట ఆగి ఆగి గెంతుతోంది. మీరు దాచుకున్నదీ, ఇంట్లో అడిగి తెచ్చుకున్నదీ కలిపితే పదిహేను వేల రూపాయలు తేలింది. ఆ డబ్బుకు కొత్త కంప్యూటరు రాదు. ఉన్నదానిలో ఒక భాగం మార్చుకోవచ్చు. మరి ఏ భాగం? మైక్రోప్రాసెసరా, మెమొరీయా, గ్రాఫిక్స్ కార్డా, డిస్కా? దుకాణంలో అడిగితే అమ్ముడుపోని సరుకు చూపించవచ్చు. స్నేహితుణ్ణి అడిగితే తను కొన్నదే కొనమంటాడు.

ఈ ప్రశ్న మీకే కాదు, మీకంటే ముందు రెండు తరాల విద్యార్థులకూ ఎదురయింది. చిత్రమేమిటంటే దానికి సరైన జవాబు కొన్నేళ్ళకొకసారి మారుతూ వచ్చింది. 1993లో కొంటే డబ్బు దండగ అయిన విభాగమే 1996 నాటికి తప్పనిసరి అయి కూర్చుంది. అలా ఎందుకు మారిందో తెలిస్తే, మీ పదిహేను వేలు ఎక్కడ పెట్టాలో కూడా చాలావరకు తెలుస్తుంది. అందుకని కొంచెం వెనక్కి వెళదాం.

అసలు భాగాలు మార్చగలగడమే వింత

మీ ఇంట్లో టీవీ విప్పి, అందులో ఒక భాగం తీసేసి, వేరే కంపెనీ చేసిన మెరుగైన భాగం బిగించి దాన్ని కొత్త టీవీగా మార్చలేరు. కంప్యూటరు విషయంలో ఇది మనకు సహజంగా కనిపిస్తుంది గానీ, నిజానికి ఇది ఒక తొందరపాటు వల్ల కలిగిన లాభం.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. సంస్థ తన మొదటి 'పర్సనల్ కంప్యూటరు'ను ప్రకటించింది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని బోకా రాటన్‌లో, డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలో ఒక చిన్న బృందం దాన్ని దాదాపు ఏడాదిలో పూర్తి చేసింది. అన్నీ సొంతంగా తయారుచేసుకునే అలవాటున్న ఐ.బి.ఎం.కు అంత తక్కువ వ్యవధి సరిపోదు. అందుకని బజారులో దొరికే భాగాలనే తీసుకున్నారు. మైక్రోప్రాసెసరు ఇంటెల్ వారి 8088. ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ వారిది. ధర 1,565 డాలర్ల నుంచి మొదలు. ఆ మొదటి ధరకు వచ్చే మెమొరీ 16 కిలోబైట్లు మాత్రమే! మిగిలినవి కొనుక్కుని చేర్చుకోవడానికి లోపల అయిదు స్లాట్లు పెట్టారు. 8088 పక్కనే ఒక సాకెట్టును ఖాళీగా వదిలారు. దశాంశ సంఖ్యల లెక్కలను వేగంగా చేసే 8087 అనే చిప్పును కావలసినవారు కొనుక్కుని అందులో పెట్టుకోవచ్చు. ఈ ఖాళీ సాకెట్టును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

ఇంకో పని కూడా ఐ.బి.ఎం. చేసింది. సర్క్యూట్ బొమ్మలతో సహా అన్ని వివరాలూ ఉన్న సాంకేతిక పుస్తకాన్ని అమ్మకానికి పెట్టింది. దాంతో ఎవరైనా ఆ స్లాట్లలో పట్టే కార్డులు చేయగలిగారు. ఒక్క 'బయాస్' అనే ప్రోగ్రామును మాత్రం కాపీరైటు కాపాడుతూ ఉంది. 1982లో మొదలయిన కాంపాక్ కంపెనీ దానికీ ఒక దారి కనిపెట్టింది. బయాస్ ఏయే పనులు చేయాలో ఒక బృందం రాసిచ్చింది. అసలు ప్రోగ్రామును కంటితో కూడా చూడని ఇంకో బృందం అవే పనులు చేసే కొత్త ప్రోగ్రామును రాసింది. 1984లో ఫీనిక్స్ సంస్థ ఇలాంటి బయాస్‌నే అడిగిన వారందరికీ అమ్మసాగింది. ఆ తరువాత తైవాన్‌లోని చిన్న చిన్న కర్మాగారాలు కూడా మదర్‌బోర్డులు చేయడానికి అడ్డేమీ లేకపోయింది.

చేజారిన పెత్తనాన్ని తిరిగి తెచ్చుకోవాలని ఐ.బి.ఎం. ప్రయత్నించకపోలేదు. 1987లో 'మైక్రో చానెల్' అనే కొత్త స్లాటుతో పి.ఎస్./2 కంప్యూటర్లను తెచ్చింది. సాంకేతికంగా అది పాతదానికన్నా మెరుగే. కానీ పాత కార్డులు అందులో పట్టవు. పైగా ఆ స్లాటు పెట్టుకోదలచిన ఇతర కంపెనీలు ఐ.బి.ఎం.కు రుసుము కట్టాలి. 1988 సెప్టెంబరులో కాంపాక్‌తో కలిపి తొమ్మిది కంపెనీలు జట్టు కట్టి, పాత కార్డులు కూడా పట్టే వేరొక స్లాటును ప్రకటించాయి. ఆ స్లాటు ఇళ్ళలోని కంప్యూటర్లలో పెద్దగా కనిపించలేదు. అయితేనేం, మైక్రో చానెల్ మాత్రం నిలవలేదు. ఐ.బి.ఎం. ఆ పోటీలో గెలిచి ఉంటే 'అసెంబుల్డ్ కంప్యూటరు' అనే మాటే మన దేశంలో పుట్టి ఉండేది కాదని నా అభిప్రాయం. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబయిలో లామింగ్టన్ రోడ్, చెన్నైలో రిచీ వీధి, బెంగుళూరులో ఎస్.పి. రోడ్, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ - ఇవన్నీ ఎవరికీ సొంతం కాని ఆ స్లాట్ల చలవతో ఎదిగిన బజార్లే. 1997లో మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ వారి సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, కంప్యూటరు భాగాల మీద దిగుమతి సుంకాలను అంచెలంచెలుగా తగ్గించడానికి ఒప్పుకుంది. మధ్యతరగతి ఇంట్లో భాగం తరువాత భాగం కొనుక్కోవడం అప్పటి నుంచి మరింత తేలికయింది.

1993: దారి ఇరుకు

1993 డిసెంబరు 10న 'డూమ్' అనే ఆట వచ్చింది. ఆడేవాడే నడవాలలో పరుగెత్తుతున్నట్టు కనిపించే ఆ ఆట అప్పటి కంప్యూటర్లకు పెద్ద పరీక్ష పెట్టింది. ఒక చిన్న లెక్క చేద్దాం. డూమ్ బొమ్మలో అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. ఒక్కో చుక్కకు ఒక బైటు. అంటే ఒక బొమ్మకు 64,000 బైట్లు. ఆ ఆట సెకనుకు గరిష్ఠంగా 35 బొమ్మలు గీస్తుంది. గుణిస్తే సెకనుకు 22,40,000 బైట్లు. ఇవన్నీ మైక్రోప్రాసెసరే లెక్కగట్టి, స్లాటు గుండా డిస్‌ప్లే కార్డుకు పంపాలి. ఆ స్లాటు 1984 నాటిది. ఒక్కసారికి 16 బిట్లు, వేగం సుమారు 8 మెగాహెర్ట్‌జ్‌లు. కాగితం మీద అది ఈ భారాన్ని మోయగలిగినట్టే ఉంటుంది. ఆచరణలో నాసిరకం కార్డులు అడుగడుగునా ప్రాసెసరును నిలబెట్టేవి. 486 లాంటి చురుకైన ప్రాసెసరు కొన్నవాడు కూడా, ఇరుకు సందులో చిక్కుకున్న లారీలాగా, తన వంతు కోసం ఎదురుచూడవలసి వచ్చేది.

అప్పుడు తెలివైన ఖర్చు ఏమిటి? 1992లో వచ్చిన 'వీసా లోకల్ బస్' స్లాటు ఉన్న బోర్డు, అందులో పట్టే కార్డు. ఆ స్లాటు 32 బిట్లను, ప్రాసెసరు బయటి వేగంతోనే పంపగలదు. మరి తెలివితక్కువ ఖర్చు? దశాంశ లెక్కల విభాగం. ఇంటెల్ 486లో రెండు రకాలు అమ్మేది. డి.ఎక్స్. రకంలో ఆ విభాగం పనిచేస్తుంది. చవక రకమైన ఎస్.ఎక్స్.లో పనిచేయదు. డూమ్ తన లెక్కలన్నీ పూర్ణాంకాలతోనే చేసుకుంటుంది కాబట్టి, కేవలం ఆ విభాగం కోసం డి.ఎక్స్.కు ఎక్కువ డబ్బు పెట్టినవారికి ఆటలో దమ్మిడీ లాభం లేదు.

మెమొరీ సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. డూమ్‌కు కనీసం 4 మెగాబైట్లు కావాలి. సరిగ్గా ఆ ఏడాది జూలైలో జపానులోని నీహామా పట్టణంలో సుమిటోమో కెమికల్ కర్మాగారం పేలిపోయింది. చిప్పులకు పైపూతగా వాడే ఎపాక్సీ రెజిన్‌లో ప్రపంచానికంతటికీ పెద్ద వాటా అక్కడి నుంచే వచ్చేది. ఆ వార్తతో మెమొరీ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. 1999 సెప్టెంబరులో తైవాన్ భూకంపం వచ్చినప్పుడూ అంతే. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో హార్డు డిస్కుల ఫ్యాక్టరీలు మునిగినప్పుడు డిస్కుల ధరలు ఎగిశాయి. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కోసం కట్టిన డేటా కేంద్రాలు మెమొరీని ఊడ్చుకుపోవడంతో దాని ధర మళ్ళీ పెరిగింది. ఇలాంటప్పుడు కొద్ది నెలలు ఆగగలిగినవాడు బతికిపోతాడు. పరీక్షలు దగ్గర పడుతుంటే ఆగడానికి అదొక మంచి సాకు కూడా!

1996: ఖాళీ సాకెట్టు పగ తీర్చుకుంది

డూమ్ చేసినవారే 1996 జూన్‌లో 'క్వేక్' విడుదల చేశారు. ఇందులో గోడలు, మనుషులు అన్నీ నిజమైన త్రిమితీయ ఆకారాలు. దూరంగా పోతున్న గోడ మీది ఇటుకలు వంకర పోకుండా కనిపించాలంటే ఒక భాగాహారం చేయాలి. ప్రతి చుక్కకూ చేస్తే కంప్యూటరు కూలబడుతుంది. కాబట్టి 16 చుక్కలకొకసారి చేసి, మధ్యవాటిని ఉజ్జాయింపుగా నింపారు. జాన్ కార్మాక్, మైకేల్ అబ్రాష్ అనే ప్రోగ్రామర్లు ఇందులో ఇంకో ఉపాయం పన్నారు. పెంటియంలో దశాంశ విభాగం ఆ భాగాహారం చేస్తూ ఉండగానే, పూర్ణాంక విభాగం ముందటి 16 చుక్కలనూ గీసేస్తూ ఉంటుంది. భాగాహారం దాదాపు ఉచితంగా దొరికినట్టే.

ఇప్పుడు చవక దారి పట్టినవారి గతి చూడండి. సైరిక్స్ కంపెనీ 6ఎక్స్86 అనే ప్రాసెసరు అమ్మేది. 133 మెగాహెర్ట్‌జ్‌ల మీద నడిచే దానికి 'పి.166 ప్లస్' అని పేరు పెట్టింది, 166 మెగాహెర్ట్‌జ్‌ల పెంటియంకు తీసిపోదని అర్థం. ఆఫీసు పనుల్లో ఆ మాట అబద్ధం కాదు. ధరా తక్కువే. కానీ దాని దశాంశ విభాగం మందకొడి. క్వేక్‌లో అది తనకన్నా నెమ్మదైన పెంటియంల వెనుక పడింది. పదిహేనేళ్ళుగా ఇంజనీర్లు, గణాంక శాస్త్రవేత్తలు మాత్రమే అడిగే 8087 వంశం ఒక్క ఆటతో పిల్లల చర్చల్లోకి వచ్చింది. ప్రాసెసరులో లోపమేమీ లేదు. కొన్నవారు చూసిన పరీక్ష వేరు, వారు ఆడిన ఆట వేరు. పెట్టె మీది అంకె ఏ పనిని కొలిచి వేశారో చూడకుండా కొనడం అప్పుడూ ప్రమాదమే, ఇప్పుడూ ప్రమాదమే.

సరే, అప్పుడు పెంటియం కొన్నవారు ఎంతకాలం నిశ్చింతగా ఉన్నారు? కొన్ని నెలలు! అదే 1996 చివరలో త్రీడీఎఫ్ఎక్స్ అనే కంపెనీ చిప్పుతో 'వూడూ' కార్డులు వచ్చాయి, సుమారు 299 డాలర్లకు. ఆ ఏడాది మెమొరీ ధరలు పడిపోవడం వల్లనే ఆ ధర సాధ్యమయింది. ఈ కార్డు చేసేది ఒకే పని, త్రిమితీయ బొమ్మలకు రంగులద్దడం. మామూలు తెర కోసం పాత కార్డు అలాగే ఉండాలి. రెంటినీ పెట్టె వెనుక ఒక పొట్టి తీగతో కలిపేవారు. 1997 జనవరిలో ఈ కార్డుకు తగిన క్వేక్ వచ్చింది. అంతవరకు ప్రాసెసరు ఒక్కటే మోసిన బరువులో ఎక్కువ భాగం కార్డు మీదికి దిగింది. రెండేళ్ళ నాటి ప్రాసెసరుకు మళ్ళీ ప్రాణం వచ్చింది. ఆటల కోసం మొదట గ్రాఫిక్స్ కార్డు కొనాలనే నేటి నియమం పుట్టింది ఇక్కడే.

తరువాతి కథ తెలిసినవారు ఈసారి సెలెరాన్ గురించి చెబుతానని ఊహించే ఉంటారు. 1998 ఆగస్టులో ఇంటెల్ తెచ్చిన సెలెరాన్ 300ఎ ఒక చవక ప్రాసెసరు. దాని లోపల 128 కిలోబైట్ల కాష్ మెమొరీ, ప్రాసెసరుతో సమానమైన వేగంతో నడుస్తుంది. ఖరీదైన పెంటియం 2లో కాష్ 512 కిలోబైట్లున్నా, వేగం సగమే. సెలెరాన్ బయటి వేగం 66 మెగాహెర్ట్‌జ్‌లు, లోపల దానికి నాలుగున్నర రెట్లు, అంటే 300. మదర్‌బోర్డు మీద బయటి వేగాన్ని 100కు మార్చితే? 450! అదే వేగమున్న పెంటియం 2 ధరలో నాలుగో వంతు కూడా లేని చిప్పు ఆటల్లో దానితో దాదాపు భుజం కలిపి నడిచింది. అన్ని చిప్పులూ ఆ వేగాన్ని తట్టుకోలేదు, తట్టుకోకపోతే కంపెనీ పూచీ లేదు. అయినా విద్యార్థుల హాస్టళ్ళలో ఆ చిప్పు సంపాదించుకున్న పేరు మరే చిప్పుకూ రాలేదేమో.

కూడికా, పెద్దదా?

ఈ సంఘటనలన్నిటి వెనుకా ఒక సూత్రం ఉంది. ఐ.బి.ఎం. సిస్టమ్/360 కంప్యూటర్ల రూపశిల్పులలో ఒకరైన జీన్ ఆమ్‌డాల్ 1967లో దాన్ని సూచించాడు. పనిలో ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మారని భాగం పట్టే సమయం మొత్తానికి హద్దు గీస్తుందన్నది దాని సారాంశం.

మిరపకాయ బజ్జీల బండి ఊహించుకోండి. ఒక్కడే కాయలు చీల్చి కూరుతూ, వాడే నూనెలో వేయిస్తుంటే ఒక వాయికి పట్టే సమయం రెండు పనుల మొత్తం. డూమ్ రోజుల్లో ప్రాసెసరు అలాంటి ఒంటరి మనిషి. ఇద్దరు మనుషులుంటే, ఒకరు కూరుతుండగానే మరొకరు ముందు వాయి వేయిస్తారు. అప్పుడు వేగాన్ని నిర్ణయించేది మొత్తం కాదు, ఇద్దరిలో నెమ్మదస్తుడు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ఉన్న నేటి కంప్యూటరు ఈ రెండో రకం బండి.

అంకెలు వేసి చూడండి. మీ కంప్యూటరులో ఒక్కో బొమ్మకు ప్రాసెసరు 10 మిల్లీ సెకన్లు, గ్రాఫిక్స్ కార్డు 25 మిల్లీ సెకన్లు తీసుకుంటున్నాయనుకుందాం. పెద్దది 25. అంటే సెకనుకు 40 బొమ్మలు. రెట్టింపు వేగమున్న ప్రాసెసరు కొన్నారు. 10 కాస్తా 5 అయింది. పెద్దది ఇంకా 25. బొమ్మలు అవే 40! డబ్బు నీళ్ళపాలు. దాని బదులు రెట్టింపు వేగమున్న కార్డు కొంటే 25 కాస్తా పన్నెండున్నర. బొమ్మలు 80. మరి ఇంకా డబ్బు పోసి నాలుగు రెట్ల వేగమున్న కార్డు తెస్తే? కార్డు ఆరుంపావులో ముగించి, ప్రాసెసరు కోసం కాచుక్కూర్చుంటుంది. బొమ్మలు 160 కావు, 100 దగ్గర ఆగిపోతాయి.

మీ కంప్యూటరులో ఎవరు నెమ్మదస్తుడో పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఆటలో ఒకే చోట నిలబడి సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో రాసుకోండి. తరువాత ఆట అమరికల్లో బొమ్మ పరిమాణాన్ని, అంటే చుక్కల సంఖ్యను, సగానికి తగ్గించి మళ్ళీ చూడండి. చుక్కలు తగ్గితే కార్డు పని తగ్గుతుంది, ప్రాసెసరు పని దాదాపు అలాగే ఉంటుంది. అంకె బాగా పెరిగిందా, కార్డే అడ్డు. కదలలేదా, ప్రాసెసరు అడ్డు (ఆటలోనే సెకనుకు ఇన్ని బొమ్మలని హద్దు పెట్టి ఉంటే ముందు దాన్ని తీసేయడం మరవకండి). ఆట మామూలుగా నడుస్తూ ఉన్నట్టుండి ఆగి ఆగి గెంతితే మెమొరీ చాలక డిస్కును ఆశ్రయిస్తోందేమో చూడాలి. మెమొరీ పలకలను ఒకటి పెద్దది కాకుండా రెండు సమానమైనవి వేస్తే ప్రాసెసరుకు రెండు దారులు తెరుచుకుంటాయి. విడి కార్డు లేకుండా ప్రాసెసరులోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవారికి ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఘనస్థితి డిస్కు వేస్తే ఆట తొందరగా తెరుచుకుంటుంది. సెకనుకు బొమ్మల సంఖ్య మాత్రం దానివల్ల పెద్దగా పెరగదు.

కొనే ముందు సాకెట్టు

అడ్డెవరో తేలాక కూడా, కొత్త భాగం మీ బోర్డులో పడుతుందా అన్నది మిగులుతుంది. 1995 నాటి 'సాకెట్ 7'లో ఇంటెల్, ఎ.ఎం.డి., సైరిక్స్ ముగ్గురి ప్రాసెసర్లూ పట్టేవి. 1997లో పెంటియం 2తో ఇంటెల్ వేరే స్లాటుకు మారింది, పోటీదారులను అందులోకి రానివ్వలేదు. అప్పటి నుంచి ప్రాసెసరు కొనడమంటే బోర్డు వంశాన్ని కూడా కొనడమే. 2017 అక్టోబరులో వచ్చిన ఇంటెల్ ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సాకెట్టు అంతకు ముందుదానిలాగే ఉన్నా, పాత బోర్డుల్లో పనిచేయలేదు. దానికి భిన్నంగా ఎ.ఎం.డి. వారి 'ఎ.ఎం.4' సాకెట్టు చూడండి. 2017లో మొదటి రైజెన్ కొన్నవారిలో చాలామంది, 2022 నాటికి బయాస్ మార్చుకుని, అదే బోర్డులో 5800ఎక్స్3డి పెట్టుకోగలిగారు. 96 మెగాబైట్ల కాష్ ఉన్న ఆ ప్రాసెసరు ఆటల్లో ఆనాటి అత్యుత్తమాలలో ఒకటి.

గ్రాఫిక్స్ కార్డు కోసం పాత సరుకు వెతికేవారూ ఉంటారు. 2020-21లో క్రిప్టో నాణేల తవ్వకానికి కార్డులన్నీ తరలిపోయి, విద్యార్థికి అందకుండా పోయాయి. 2022 సెప్టెంబరులో ఇథీరియం తన పద్ధతి మార్చుకోగానే ఆ కార్డులు పాత సామాను బజారులో వచ్చి పడ్డాయి. పాతదైనా కొత్తదైనా, కార్డుకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై చీటీని ముందు చదవండి. పెద్ద అక్షరాల్లో వేసిన వాట్ల మాట అలా ఉంచి, 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. ప్రాసెసరుకూ, కార్డుకూ దక్కేది ముఖ్యంగా ఆ శక్తే.

చివరగా స్లాటు. 2003లో ప్రమాణంగా వెలువడిన పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటులో పాత కార్డు కొత్త బోర్డులో, కొత్త కార్డు పాత బోర్డులో పడతాయి. పడతాయి సరే, వేగం? 2022 జనవరిలో ఎ.ఎం.డి. చవక కార్డు ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. విడుదల చేసింది. మామూలుగా 16 దారులు వాడుకునే చోట ఇది నాలుగే వాడుకుంటుంది. సొంత మెమొరీ 4 గిగాబైట్లే కాబట్టి, అది నిండగానే ఆ నాలుగు దారుల గుండా కంప్యూటరు మెమొరీ కోసం పరుగెత్తాలి. నాలుగో తరం స్లాటున్న బోర్డులో ఆ దారుల గుండా సెకనుకు సుమారు 8 గిగాబైట్లు వెళతాయి. మూడో తరం స్లాటున్న పాత బోర్డులో అందులో సగమే. ఆ కార్డు అవసరమయిందే పాత బోర్డులున్నవారికి, దానితో ఎక్కువ నష్టపోయిందీ వారే. డూమ్ వచ్చి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు దాటింది.